ఇక్కడ తురకోడు, అక్కడ హిందీ

"మీ దేశం పొండి" అనే మాటని ఈ నేల మీద ముస్లింగా పుట్టిన ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకసారి వింటారు. బస్సులో సీటు దగ్గర కొట్లాట వచ్చినా, పొలం గెట్టు దగ్గర తగాదా వచ్చినా, క్రికెట్ మ్యాచ్ ఓడినా గెలిచినా ఆ మాట నాలుక చివరనే ఉంటుంది. మామూలుగా అయితే పాకిస్తాన్ పొమ్మంటారు. నాలుగు పుస్తకాలు చదివినవాళ్లయితే అరేబియా నుంచే కదా వచ్చారు, అక్కడికే పొమ్మంటారు. మా చేవెళ్ల, మొయినాబాద్ వైపు ఊళ్ల నుంచి నిజంగానే అరేబియా పోయినవాళ్లున్నారు. ఎవరో పొమ్మంటే పోలేదు, పొట్ట పొమ్మంటే పోయారు. రియాద్‌లో, జెద్దాలో, దమ్మాంలో, కువైట్‌లో ఏళ్లకేళ్లు బతికారు. అక్కడ వాళ్లకి దొరికిన పేరు "హిందీ". అరబ్బుల వాడుకలో ఆ మాటకి హిందుస్తాన్ వాడు అని అర్థం. నిజామాబాద్ నుంచి పోయిన రాములూ హిందీయే, మొయినాబాద్ నుంచి పోయిన రహీమూ హిందీయే.

గల్ఫ్ వలస గురించి రాసేవాళ్లు ఎక్కువగా డబ్బు లెక్కలు రాస్తారు. ఎంత పంపారు, ఎంత అప్పయింది, ఏజెంటు ఎంత తిన్నాడు. పోయినవాడు అక్కడ బతకడం ఎట్లా నేర్చుకున్నాడు, ఎవరిగా బతికాడు అన్నది ఆ లెక్కల్లోకి రాదు. అది అర్థం కావాలంటే ముందు ఎదురుదిక్కు నుంచి జరిగిన ఇంకో వలసని గుర్తు చేసుకోవాలి. మనం అరబ్బుల దగ్గరికి పోవడానికి ఎంతో ముందే అరబ్బులు మన దగ్గరికి బతకొచ్చారు.

యెమెన్‌కి తూర్పువైపు హద్రమౌత్ అనే కరువు నేల ఉంది. తెగల మధ్య కొట్లాటలు, చాలీచాలని తిండి. 18వ శతాబ్దం చివర నుంచి, మరీ ముఖ్యంగా 19వ శతాబ్దంలో, అక్కడి పడుచువాళ్లు ఓడలెక్కి బొంబాయి దిగి హైదరాబాద్ చేరేవాళ్లు. నిజాం కొలువులో సిపాయిలుగా కుదిరేవాళ్లు. మనం చావుష్‌లు అని పిలుస్తున్నది వాళ్ల సంతతినే. వాళ్ల బారకాసులు ఉన్న చోటే ఇవాళ్టి బార్కస్. వాళ్లందరూ సాధుజీవులేమీ కారు. వాళ్ల జమేదార్లు వడ్డీకి అప్పులిచ్చారు, బాకీ కట్టనివాళ్లను తమ ఇళ్లలోనే బంధించారు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్‌కి వాళ్లని అదుపులోకి తేవడానికి చాలా కాలమే పట్టింది. ఆ జమేదార్లలో ఒకడు ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ. హైదరాబాద్‌లో సంపాదించిన డబ్బుతో, పలుకుబడితో ఆయన కుటుంబం హద్రమౌత్ తీరంలో ఒక రాజ్యాన్నే నిలబెట్టింది. షిహ్ర్, ముకల్లా రేవుల్ని పట్టుకుని 1967 దాకా ఏలింది. ఒక అరబ్బు రాజ్యం దక్కన్ జీతంతో పుట్టిందన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు.

వచ్చిన అరబ్బులు ఇక్కడి ఆడపిల్లల్ని పెళ్లి చేసుకున్నారు. రెండో తరానికి ఇంట్లో దక్కనీ ఉర్దూ వచ్చేసింది. వాళ్ల హరీస్ మన చేతిలో మసాలా పడి హలీం అయింది. వాళ్ల మర్ఫా డప్పు ముస్లిం పెళ్లిళ్లు దాటి బోనాల దాకా పోయింది. మర్ఫా మోగుతుంటే అది ఏ దేశపు వాద్యమని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇంకొక మాట. తెలంగాణ వాళ్లకి ముల్కీ అనే మాట బాగా తెలుసు. దానికోసం ఉద్యమాలు జరిగాయి, కాల్పులు జరిగాయి. నిజాం రాజ్యపు ముల్కీ నిబంధనల ప్రకారం బయటివాడు పదిహేనేళ్లు స్థిరంగా ఇక్కడ ఉండి, తిరిగిపోయే ఆలోచన మానుకుంటే ముల్కీ అయ్యేవాడు. పదిహేనేళ్లు! ఈ అంకెని పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందుముందు దీనితో పని ఉంది.

1948 సెప్టెంబర్‌లో అయిదు రోజుల పోలీసు చర్యతో ఈ కథ తిరగబడింది. హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. అరబ్బుల్ని పట్టుకుని క్యాంపుల్లో పెట్టారు. చాలామందిని ఏడెన్ ఓడలెక్కించారు. ఇక్కడే పుట్టి, ఇక్కడి తల్లి పాలు తాగి, అరబ్బీ రెండు ముక్కలు కూడా రానివాళ్లకి కూడా పరాయివాళ్లన్న ముద్ర పడింది. మరాఠ్వాడాలో, బీదర్, గుల్బర్గా జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన ఘోరాల్ని పరిశీలించిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక జనం చూడడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది.

మా చేవెళ్ల ప్రాంతం అప్పట్లో అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. నగరం చుట్టూ ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్ నేల, అంటే నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించుకున్న భూములు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. నిజాం నేల అంటే ముస్లింలందరూ నవాబులని అనుకుంటారు. ఆ నేల మీద ముస్లింలు ఎక్కువగా సిపాయిలు, చప్రాసీలు, చౌకీదార్లు, మస్జిదు సేవకి నాలుగు గుంటల ఇనాం ఉన్నవాళ్లు, దూదేకేవాళ్లు, తోటలు గుత్తకు పట్టేవాళ్లు, దర్జీలు. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ పోయింది, జాగీర్లు పోయాయి. 1955 చట్టంతో ఇనాంలు రద్దయ్యాయి. పోవాల్సినవే పోయాయి, దానికి ఏడవాల్సిన పని లేదు. కానీ జాగీర్దారుతోపాటు అతని గుమ్మం ముందు నిలబడిన చప్రాసీ కూడా రోడ్డున పడ్డాడు. సర్కారు భాష మారింది, ఉర్దూలో చదివిన చదువు పనికిరాకుండా పోయింది. జాగీర్దారుకి నగరంలో దేవిడీ మిగిలింది. చప్రాసీ కొడుక్కి సైకిల్ పంక్చర్ దుకాణం మిగిలింది. మన గురించి మాట్లాడేవాళ్లు ఈ ఇద్దర్నీ ఒకే "తురకోళ్లు" అన్న మూటలో కడతారు.

ఆ పంక్చర్ దుకాణం ముందుకి 1973 తర్వాత గల్ఫ్ వచ్చింది. ఆ ఏడాది నూనె ధర ఒక్కసారిగా ఎగిసింది. ఎడారిలో రోడ్లు, రేవులు, భవనాలు కట్టడానికి మనుషులు కావాల్సి వచ్చారు. అంతకుముందు ఆ దేశాల పరిస్థితి మనవాళ్లకి గుర్తు లేదు. నూనె బయటపడింది 1930లలో, బహ్రెయిన్‌లో 1932లో, సౌదీలో, కువైట్‌లో 1938లో. అప్పటికీ ఆ తర్వాత కూడా గల్ఫ్ బజార్లలో నడిచింది మన రూపాయే. 1959లో భారత రిజర్వు బ్యాంకు ఆ దేశాల కోసం ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయి అచ్చు వేసింది. కువైట్ 1961లో దినార్ తెచ్చుకుంది. మక్కాలో హైదరాబాద్ రాజ్యపు యాత్రికుల కోసం నిజాం రుబాత్ ఏర్పాటు చేశాడు, రాజ్యం పోయాక కూడా పాత హైదరాబాద్ రాజ్యపు జిల్లాల హాజీలకి అందులో చోటిచ్చారు. ఇచ్చే చెయ్యి ఇటువైపు ఉన్న రోజులవి. ఇంత త్వరగా చెయ్యి మారుతుందని ఎవరూ అనుకోలేదు.

మావాళ్లు వికారాబాద్ మీదుగా పోయే రైలెక్కి బొంబాయి పోయేవాళ్లు. ఏజెంటు చుట్టూ, మెడికల్ చుట్టూ వారాల తరబడి తిరిగి విమానం ఎక్కేవాళ్లు. 1983 ఎమిగ్రేషన్ చట్టం వచ్చాక పెద్దగా చదువు లేనివాడి పాస్‌పోర్టుకి సర్కారు అనుమతి ముద్ర తప్పనిసరి అయింది. ఆ ముద్ర కోసం ఇంకో దళారీ పుట్టాడు. వీసాకి కట్టే డబ్బెక్కడిది? అమ్మీ మెడలో లచ్చా పోయింది. మొయినాబాద్ పక్కన ఎకరం పోయింది. ఇదే మండలంలో చిలుకూరు బాలాజీ గుడి ఉంది. అమెరికా వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసి, దొరికాక నూట ఎనిమిది చేసే కంప్యూటర్ పిల్లలతో ఆయనకి వీసా బాలాజీ అని పేరొచ్చింది. అదే రోడ్డు మీద, అవే మర్రిచెట్ల కింద బస్సు కోసం నిలబడి మావాళ్లూ వీసాకే పోయేవాళ్లు. అది కఫీల్ అమ్ముకున్న వీసా. దాన్ని ఆజాద్ వీసా అనేవాళ్లు. పేరులోనే ఉంది ఆజాదీ!

పోయినవాడికి మొదటి దెబ్బ భాష దగ్గర తగిలేది. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఖురాన్ చదివినవాడు, రోజుకి అయిదుసార్లు అరబ్బీలో నమాజు చేసేవాడు అరబ్బీ రాక తెల్లమొహం వెయ్యడమేంటి? చదవడం వచ్చు, అర్థం రాదు. వచ్చిన నాలుగు ముక్కలూ పుస్తకంలోవి. అక్కడి ముదీర్ మాట్లాడేది బజారు భాష, అందులో "ఖా" "గా" అవుతుంది. ఈజిప్టు ఫోర్‌మన్‌ది ఇంకో యాస. అందుకని అన్ని దేశాల కూలీలూ కలిసి ఒక వంకర అరబ్బీ తయారు చేసుకున్నారు. "అనా మాఫీ మాలూం" అంటే నాకు తెలీదని. వ్యాకరణం లేని ఆ భాషని మలయాళీ, బెంగాలీ, పఠాన్, మన తెలంగాణ మాల మాదిగ, ముదిరాజు, ముస్లిం అందరూ ఒక్కలాగే మాట్లాడారు. పనివాళ్ల మధ్య పుట్టిన భాషకి మతం ఉండదని ఇంతకంటే రుజువు ఎక్కడ దొరుకుతుంది?

మన తెలుగు మాటలు కొన్ని అక్కడ ఎదురై పలకరించేవి. తారీఖు, జవాబు, ఖాళీ, అసలు, వారసుడు, రబీ, ఖరీఫు ఇవన్నీ అరబ్బీ నుంచి వచ్చి మన పల్లెల్లో తెలుగైపోయినవే. చివరికి రైతు అన్న మాట కూడా. మందని, ఏలినవాడి కింద ఉండే ప్రజని చెప్పే అరబ్బీ మాట మన దగ్గర దుక్కి దున్నేవాడి పేరైంది. ముస్లింలు పరాయివాళ్లని వాదించేవాడు కూడా "రైతు హక్కులు" అన్నప్పుడు ముందొక అరబ్బీ మాట, వెనకొక అరబ్బీ మాట మాట్లాడతాడు. హక్కు అన్న మాట అక్కడ "హగ్గీ" అని వినబడుతుంది, నాది అని అర్థం. అన్నిటికంటే గుచ్చుకునే మాట గరీబు. మన దగ్గర గరీబు అంటే లేనివాడు. అరబ్బీలో గరీబ్ అంటే పరాయివాడు. అక్కడికి పోయిన మావాళ్లకి రెండర్థాలూ సరిపోయాయి.

రెండో దెబ్బ ఇంకా లోపల తగిలేది. అది మస్జిదులో. మన దగ్గర హనఫీ పద్ధతి. అసర్ నమాజు ఆలస్యంగా, ఆమీన్ మెల్లగా, నమాజు అయ్యాక ఇమాంతో కలిసి దువా. అక్కడ అసర్ ముందే అయిపోతుంది, ఆమీన్ గొంతెత్తి చెబుతారు, సలాం తిప్పాక ఎవరి దారి వాళ్లది. పీర్ల పండుగలో నిప్పులు తొక్కినవాడు, జహంగీర్ పీరు దర్గాలో హిందువులతో కలిసి కందూరు తిన్నవాడు అక్కడ మదీనాలో జన్నతుల్ బఖీ ముందు నిలబడితే గుమ్మటాలు లేవు, పేర్లు లేవు, మట్టి కుప్పలు మాత్రమే ఉన్నాయి. 1926లో వాటిని కూల్చేశారు. తను చిన్నప్పటి నుంచి భక్తి అనుకున్నదానికి అక్కడ బిద్అత్ అని పేరు. ఇస్లాం పుట్టిన గడ్డ మీద నీ ఇస్లాం సరైనది కాదని ఎవడైనా అంటే, పదో తరగతి తప్పిన ఒక వెల్డరు ఏమని ఎదురు చెప్పగలడు? చాలామంది తలొంచుకున్నారు. కొందరు నమ్మారు.

ఇళ్లకి తిరిగొచ్చిన పెట్టెల్లో టూ-ఇన్-వన్‌లు, కంబళ్లు, అత్తర్లు, టైగర్ బామ్‌తోపాటు ఆ నమ్మకం కూడా వచ్చింది. చీర కట్టుకుని కూరగాయల గంప ఎత్తుకుని బజారుకి పోయే మా నానీల కోడళ్లకి నల్ల అబాయాలు వచ్చాయి. పీర్ల చావిడిలోకి ముస్లింలే పోవడం తగ్గించారు. కొన్ని ఊళ్లలో ఇప్పుడు పీర్లని ఎత్తేది గొల్లలు, గౌండ్లు, మాదిగలు. ఈ మార్పుని మతోన్మాదం అని తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇక్కడ తురకోడా అని తిట్టించుకుని, అక్కడ హిందీ అని తోయించుకున్నవాడికి మిగిలిన ఒకే ఒక గౌరవం "నేను సరైన ముసల్మాన్‌ని" అనుకోవడం. అది అర్థం చేసుకోవాలి. అర్థం చేసుకున్నంత మాత్రాన పోయినదాని విలువ తగ్గదు. ఆ చావిడి దగ్గర మాకు ఊరుతో ఉన్న చుట్టరికం పోయింది. దాన్ని ఏ రియాలూ తిరిగి కొనలేదు.

ఆడవాళ్ల సంగతి వేరే రాయాలి, అయినా ఒక మాట. భర్త అక్కడ ఖయ్యాత్‌గానో, సవ్వాగ్‌గానో, తోటలో మజ్రా పనిలోనో ఉంటే ఇక్కడ ఇల్లు నడిపింది ఆమె. ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్‌లో మాటలు నింపి పంపుకునేవాళ్లు. అత్తగారు, పిల్లలు, పక్కింటివాళ్లు అందరూ కూర్చుని వినే క్యాసెట్‌లో భార్య ఏం చెప్పుకుంటుంది? ఇంకోవైపు, పెట్రోలు డబ్బుతో వచ్చిన ముసలి షేకులు పాతబస్తీ పేదపిల్లల్ని నిఖా పేరుతో కొనుక్కుపోయారు. 1991 ఆగస్టులో విమానంలో ఏడుస్తున్న ఒక చిన్నపిల్లని ఎయిర్‌హోస్టెస్ గమనించడంతో దేశమంతా ఉలిక్కిపడింది. పత్రికలు అప్పుడు ముస్లింల మతాన్ని తిట్టాయి. ఆ పిల్ల ఇంటి పొయ్యి గురించి తక్కువ రాశాయి. నిఖా చదివిన ఖాజీని, దళారీని మన పెద్దలు వెలేశారా అంటే అదీ లేదు.

ఇప్పుడు పదిహేనేళ్ల అంకె దగ్గరికి వద్దాం. హద్రమౌత్ సిపాయి పదిహేనేళ్లు ఉంటే ముల్కీ అయ్యే దారి ఇక్కడ ఉండేది. మావాళ్లు ముప్పై ఏళ్లున్నా అక్కడ వాళ్ల చేతిలో ఉన్నది ఇఖామా. ఏడాదికోసారి కఫీల్ దయ మీద కొత్తదయ్యే చీటీ. ఒకప్పుడు ఆ పుస్తకానికి ముస్లింలయితే ఆకుపచ్చ అట్ట, కానివాళ్లయితే గోధుమరంగు అట్ట ఉండేది. అట్ట రంగు మారేది గానీ జీతం మారేది కాదు. ఒకే పనికి జీతం పాస్‌పోర్టుని బట్టి ఉండేది. సున్నీ అయినా, హాజీ అయినా, ఇంట్లో అరబ్బీ మాట్లాడే బార్కస్ చావుష్ అయినా సరే. వాళ్ల తాతలు అక్కడి నుంచే వచ్చారు. అయినా వాళ్లు హిందీలే. ఉమ్మత్ అంతా ఒకటే అని మన జల్సాల్లో ఉపన్యసించేవాళ్లు ఒకసారి జవాజాత్ ఆఫీసు లైనులో నిలబడి రావాలి. ఆ నేల మావాళ్లకి శాశ్వతంగా చోటిచ్చింది ఒక్క ఖబరస్తాన్‌లోనే. శవాన్ని తెప్పించే ఖర్చు, కాగితాలు తలుచుకుని ఎన్నో కుటుంబాలు అక్కడే మట్టి చెయ్యమని సంతకాలు పెట్టి పంపాయి. పవిత్రమైన నేల కదా అని ఓదార్చుకున్నాయి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో దిగాయి. లక్షకు పైగా భారతీయుల్ని అమ్మాన్ నుంచి విమానాల్లో తీసుకొచ్చారు. ఎడారి దాటి, జోర్డాన్ గుడారాల్లో వారాలు గడిపి, ఒంటి మీది బట్టలతో దిగినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఆ విమానాల్లో ఎవడు హిందువు ఎవడు ముస్లిం అని ఎవరూ అడగలేదు. నాలుగు నెలలు తిరగకముందే, ఆ డిసెంబర్‌లో, పాతబస్తీ కత్తిపోట్లతో నెత్తురోడింది. రెండేళ్లకి బాబ్రీ మస్జిద్ కూలింది. ఇంటికి వచ్చినవాడు తన ఇల్లెక్కడో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇంకో అన్యాయం చెప్పకుండా ఉండలేను. తెలంగాణ పల్లెల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ పోయినవాళ్లలో ఎక్కువమంది హిందువులు, వెనకబడిన కులాలవాళ్లు, దళితులు. కడప వైపు నుంచి కువైట్ పోయిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లు డబ్బు పంపి గుడి కట్టిస్తే అది కష్టార్జితం. మావాడు పంపిన డబ్బుతో మస్జిదుకి సున్నం వేయిస్తే అది పెట్రో డాలర్లు. 1981లో తమిళనాడులోని మీనాక్షిపురంలో దళితులు ఇస్లాంలోకి మారినప్పుడు మొదలైన ఆ పాట ఇప్పటికీ ఆగలేదు. ఎండలో ఇనుపచువ్వలు వంచి పంపిన డబ్బుకి మతం అంటించడం ఎవరి కోసం?

మా వైపు నేల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లని కాపాడడానికి 1996లో 111 జీవో తెచ్చి 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. మొయినాబాద్ ఊళ్లు అందులో ఉన్నాయి. నేలకి ధర లేదనుకుని వీసా కోసం, తర్వాత పిల్ల పెళ్లి కోసం అమ్ముకున్నవాళ్లు ఎందరో. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది, చుట్టూ రింగురోడ్డు వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు సడలించారు. ఈలోగా గోడలు లేచాయి. లోపల పచ్చగడ్డి, ఈతకొలను, ఎవరిదో తెలియని ఫామ్‌హౌస్. గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మెన్. మా వాడలో ఒకాయన రియాద్‌లో పద్దెనిమిదేళ్లు హారిస్ పని చేశాడు, అంటే అరబ్బు ఇంటి గేటు కాపలా. తిరిగొచ్చి, తన తండ్రి అమ్మిన నేల మీద లేచిన ఫామ్‌హౌస్‌కి కాపలా ఉంటున్నాడు. జీతం అక్కడికంటే తక్కువ, ఇఖామా మాత్రం అక్కర్లేదు అంటాడు, నవ్వుతూ.

2013లో సౌదీ వాళ్లు నితాఖత్ పేరుతో తమవాళ్లకే ఉద్యోగాలని బిగించారు. 2017 జులై నుంచి అక్కడ కుటుంబంతో ఉండే ప్రతి పరదేశి ఇంట్లో తలకి నెలకి వంద రియాళ్ల సుంకం, ఏటా వంద చొప్పున పెరుగుతూ పోయింది. భార్యాపిల్లల్ని పెట్టుకోలేక జనం ఇంటిముఖం పట్టారు. జెద్దాలో, రియాద్‌లో పుట్టి పెరిగిన పిల్లలు మా వైపు బడుల్లో చేరారు. అరబ్బీ చక్కగా మాట్లాడతారు, ఇంగ్లీషు వచ్చు, ఇంట్లో ఉర్దూ. తెలుగు ఒక్క అక్షరం రాదు. 2018లో తెలంగాణలో బడులన్నిట్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. పదేళ్లు దాటిన పిల్లాడు ఒకటో తరగతి వాచకం ముందు పెట్టుకుని అ, ఆ దిద్దుతున్నాడు. అక్కడ బడిలో వాణ్ణి హిందీ అని పిలిచేవాళ్లట. ఇక్కడ తోటిపిల్లలు అరబ్బోడా అంటున్నారు. మొన్న వాళ్లమ్మ నోటుబుక్కు చూపించింది. టీచరు ఇచ్చిన పది మాటల్లో వాడు మూడు మాటల కింద గీత గీసి, పక్కన అరబ్బీలో రాసుకున్నాడు. తారీఖు, జవాబు, రైతు. "ఇవి నాకు ముందే వచ్చు మిస్" అన్నాడట. టీచరుకి అర్థం కాక మిగతా ఏడూ కూడా నేర్చుకు రమ్మని పంపింది.